వెయ్యి టన్నుల మట్టి, మూడు వందల గ్రాముల సీసం

విషమెక్కిన నేలను మొక్కలే బాగుచేస్తాయన్న మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. పర్యావరణ దినోత్సవ ప్రసంగాల్లో, ఆదివారం అనుబంధాల్లో, బడిపిల్లల సైన్స్ ఫెయిర్లలో, కాలేజీ సెమినార్లలో అదే ధీమా. ఆవాలు చల్లండి, పొద్దుతిరుగుడు వేయండి, వట్టివేరు నాటండి. సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి భార లోహాలను వేళ్ళు పీల్చేసుకుంటాయి, నాలుగు పంటలు తీసేసరికి నేల శుభ్రపడుతుంది అంటారు. యంత్రాలు అక్కర్లేదు, లారీలు అక్కర్లేదు, ఎండా వానా ఉంటే చాలు, మనలాంటి పేద దేశానికి ఇంతకన్నా మంచి దారి లేదు అని కూడా అంటారు.

ఫ్యాక్టరీల కాలుష్యంతో పాడైన మన పొలాల విషయంలో ఈ మాట నిలబడదు. నిలబడకపోతే పోనీ అని ఊరుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే దీన్ని నమ్ముకుని గడిపిన ప్రతి ఏడాదీ నష్టపోయేది రైతు, ఊపిరి పీల్చుకునేది విషం వదిలినవాడు.

ముందు లెక్క చూద్దాం. ఈ విషయం మీద మాట్లాడే చాలామంది వేయని లెక్క ఇది. ఎకరం నేలలో జానెడు లోతు మట్టి, అంటే నాగలి తిరగేసే మేర మట్టి, సుమారు వెయ్యి టన్నులు తూగుతుంది. అందులో కిలోకు 500 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. పాత బ్యాటరీలు కరిగించిన చోట్ల, రంగుల ఫ్యాక్టరీల పక్కన అది అసాధారణమైన అంకె కాదు. అంటే ఆ ఎకరంలో 500 కిలోల సీసం ఉన్నట్టు. దాన్ని 100 మిల్లీగ్రాములకు దించాలంటే 400 కిలోలు బయటికి పోవాలి. ఇప్పుడు ఆవాలు వేశాం. వాన కలిసొచ్చి, ఎరువు బాగా అంది, ఎకరానికి మూడు టన్నుల ఎండు చొప్ప వచ్చిందనుకుందాం. కాండంలో, ఆకుల్లో కిలోకు 100 మిల్లీగ్రాముల సీసం చేరిందనుకుందాం. మామూలు పొలంలో అది చాలా ఉదారమైన అంచనా. అయినా ఒక పంట మోసుకుపోయేది 300 గ్రాములే. 400 కిలోలు తీయడానికి పదమూడు వందలకు పైగా పంటలు కావాలి. ఏడాదికి రెండు పంటల చొప్పున ఆరు వందల అరవై ఏళ్ళు పైమాట. కాకతీయ ప్రతాపరుద్రుడి రాజ్యం కూలిన 1323లో మొదటి విత్తు చల్లి, ఒక్క కారూ తప్పకుండా వేస్తూ వచ్చి ఉంటే మొన్న మొన్న 1990 ప్రాంతంలో ఆ ఎకరం తేరుకునేది.

నేను ఎంచుకున్న అంకెలు అన్యాయమని ఎవరైనా అంటే, మొక్క పీల్చే సీసాన్ని పది రెట్లు పెంచి చూడండి. అప్పుడు అరవై ఆరేళ్ళు. తాత మొదలుపెట్టిన పని మనవడి చేతిలో గానీ పూర్తికాదు. పైగా ఈ లెక్కలో ఒక మేలు కూడా మొక్కకే చేశాను. పంట పంటకూ అదే మోతాదులో పీలుస్తుందనుకున్నాను. నిజానికి మట్టిలో తేలిగ్గా అందే భాగం ముందు అయిపోతుంది, మిగిలింది మరింత మొండికేస్తుంది.

మొండికేయడం సీసం స్వభావం. అది మట్టిలోకి దిగగానే ఫాస్ఫేటుతో, బంకమట్టితో, సేంద్రియ పదార్థంతో ముడిపడిపోతుంది. నీళ్ళలో కరగనిది వేరుకు అందదు. ఒకవేళ వేరు కొంత తీసుకున్నా అక్కడే ఆపేస్తుంది, కాండంలోకి పంపదు. కోతకొచ్చేది కాండమే కదా. మరి పరిశోధనా పత్రాల్లో అంత ఘనమైన ఫలితాలెలా వస్తున్నాయి? వాటిలో చాలా భాగం కుండీల్లో చేసినవి. శుభ్రమైన మట్టి తెచ్చి, అందులో సీసపు లవణాన్ని అప్పటికప్పుడు నీళ్ళలో కలిపి పోసి, నెలా రెండు నెలలు మొక్క పెంచి, ఆకు కొలుస్తారు. అప్పుడే కలిపిన లవణం ఇంకా కరిగే స్థితిలోనే ఉంటుంది, మొక్క తాగేస్తుంది. ముప్పై ఏళ్ళుగా మట్టిలో ముదిరిన సీసం అలా లొంగదు. ఆ పత్రాల్లో మొక్కకూ మట్టికీ మధ్య లోహపు నిష్పత్తి ఉంటుంది, వేరుకూ ఆకుకూ మధ్య నిష్పత్తి ఉంటుంది. ఎకరానికి ఎన్ని కిలోలు బయటికి వచ్చాయన్న ఒక్క అంకె మాత్రం చాలాసార్లు కనిపించదు. రైతుకు కావలసింది ఆ ఒక్క అంకే.

మొక్కకు అందకపోతే అందేలా చేద్దామని 1990లలో అమెరికాలో ఒక ఉపాయం పన్నారు. ఈడీటీఏ అనే రసాయనాన్ని మట్టిలో పోస్తే అది సీసాన్ని పట్టుకుని కరిగిస్తుంది, ఆవ మొక్క దాన్ని పెద్ద ఎత్తున పైకి లాగుతుంది. న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్‌లో, ఒకప్పుడు బ్యాటరీలు తయారుచేసిన స్థలంలో ఆవాలు వేశారు. ఆ వార్త ప్రపంచమంతా తిరిగింది, మన దాకా వచ్చింది. తర్వాత కథ రాలేదు. కరిగిన సీసంలో మొక్క తాగింది కొంతే. మిగతాది వానతో పాటు కిందికి జారి భూగర్భ జలాల వైపు నడుస్తుంది. ఈడీటీఏ మట్టిలో త్వరగా విరిగిపోదు కూడా. అందుకే అమెరికా వ్యవసాయ శాఖలో ఈ రంగానికి పునాది వేసిన రూఫస్ చానీయే సీసం విషయంలో ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టారు. మట్టిలో కదలకుండా ఉన్న విషాన్ని కదిలించి బోరుబావిలోకి దింపడం శుద్ధి కాదు. మంచినీళ్ళకు బోరే దిక్కైన మన పల్లెల్లో ఆ పని చేయడం నేరం.

మరి మొక్కలు లోహాలను పీల్చవా? పీలుస్తాయి. అందులో అబద్ధం లేదు, ఆ శాస్త్రం చాలా అందమైంది కూడా. న్యూ కాలెడోనియా దీవిలో ఒక చెట్టుంది. గాటు పెడితే నీలి ఆకుపచ్చ రంగు పాలు కారతాయి; ఆ పాలను ఎండబెడితే బరువులో నాలుగో వంతు నికెల్. 1976లో ఆ సంగతి సైన్స్ పత్రికలో వచ్చినప్పుడు శాస్త్రలోకం ఆశ్చర్యపోయింది. 2001లో లీనా మా బృందం ఫ్లోరిడాలో ఒక మామూలు ఫెర్న్ మొక్క ఆర్సెనిక్‌ను తన ఆకుల్లో దాచుకుంటోందని నేచర్ పత్రికలో ప్రకటించింది. కలపకు మందు పట్టించి వదిలేసిన స్థలంలో దొరికిన మొక్క అది. ఇలాంటి మొక్కలు ఏడు వందల దాకా ఉన్నాయి. కానీ వాటిలో అత్యధిక భాగం నికెల్‌నే కోరుకుంటాయి. మనల్ని పీడిస్తున్నది సీసం, క్రోమియం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం. నికెల్‌లో కూడా పరిస్థితి చూడండి. అల్బేనియాలో ఒక పసుపుపూల మొక్కతో హెక్టారుకు సుమారు నూరు కిలోల నికెల్ పండిస్తున్నారు. ఇంతకు మించిన విజయం ఈ రంగంలో లేదనే చెప్పాలి. అయితే ఆ మట్టిలో ప్రకృతి సిద్ధంగానే హెక్టారుకు వేల కిలోల నికెల్ ఉంటుంది. వాళ్ళు చేస్తున్నది లోహపు సేద్యం. ఆ నేలను శుభ్రం చేస్తున్నామని వాళ్ళు అనరు.

నిజంగా పనికొచ్చిన ఉదాహరణ ఒకటుంది. అది వరిది కాబట్టి మనకు మరీ దగ్గరిది. జపాన్‌లో చోకోకోకు అనే వరి రకాన్ని కాడ్మియం ఉన్న మడుల్లో వేశారు. మొదట్లో నీళ్ళు పెట్టి, తర్వాత మడి ఎండగట్టి పెంచారు. నీళ్ళు నిలిచిన మడిలో కాడ్మియం గంధకంతో ముడిపడి పడుకుంటుంది. మడి ఆరి గాలి తగిలితే విడివడి వేరుకు అందుతుంది. (ఆర్సెనిక్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, నీళ్ళు నిలిస్తేనే కదులుతుంది. రెండూ ఉన్న మడిలో రైతు ఏం చేయాలో ఏ ప్రసంగంలోనూ వినలేదు.) రెండేళ్ళలో హెక్టారుకు 883 గ్రాముల కాడ్మియం బయటికి వచ్చింది, మట్టిలో 38 శాతం తగ్గింది, తర్వాత వేసిన తిండి వరి గింజల్లో 47 శాతం తగ్గింది. గొప్ప ఫలితం. ఎందుకు సాధ్యమైంది? తీయాల్సింది హెక్టారు మొత్తానికి రెండు మూడు కిలోలే కాబట్టి. లోహం కదిలే రకం, మోతాదు స్వల్పం, నీళ్ళు చేతిలో ఉన్నాయి, పైనుంచి కొత్త విషం రావడం ఆగిపోయింది. ఈ నాలుగూ కలిసిన చోట మొక్కను పిలవండి, నేను ముందుండి చప్పట్లు కొడతాను. ఫ్యాక్టరీ గోడ పక్క పొలంలో ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా ఉండదు.

పొద్దుతిరుగుడు గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ ప్రచారానికి ముఖచిత్రం ఆ పువ్వే. చెర్నోబిల్ దగ్గర పొద్దుతిరుగుళ్ళతో శుద్ధి చేశారని అందరూ చెబుతారు. అక్కడ 1990లలో చేసిన ప్రసిద్ధ ప్రయోగం చెరువు నీళ్ళలో, తెప్పల మీద, వేళ్ళు నీటిలో వేలాడేలా పెంచిన మొక్కలతో. నీళ్ళలో కరిగి ఉన్నదాన్ని వేరు పట్టుకోవడం వేరు, మట్టికి కరుచుకున్నదాన్ని పీకడం వేరు. ఫుకుషిమా తర్వాత 2011లో జపాన్ వ్యవసాయ శాఖ పొలంలోనే పొద్దుతిరుగుడు వేసి చూసింది. నేలలో ఉన్న రేడియోధార్మిక సీజియంలో రెండు వేలో వంతు మాత్రమే మొక్క తీసుకుంది. పక్కనే పైపొర నాలుగు సెంటీమీటర్ల మట్టి గీకేస్తే 75 శాతం పోయింది. అదే ఏడాది జపాన్ ప్రభుత్వం పొద్దుతిరుగుడు దారి వదిలి గీకుడు దారి పట్టింది. మన పత్రికల్లో మాత్రం ఆ పువ్వు ఇంకా విషాన్ని పీలుస్తూనే ఉంది.

ఇక కోత సంగతి. మొక్క విషాన్ని పీల్చిందనే అనుకుందాం. విషం మాయం కాలేదు, చొప్పలోకి మారింది. దాన్ని కోసి, కట్టి, ప్రమాదకర వ్యర్థంగా లెక్కగట్టి, దుండిగల్ లాంటి చోట ఉన్న శుద్ధి కేంద్రానికి చేర్చాలి. రైతు ఇంటి ముందు వామిగా వేయకూడదు, పొయ్యిలో పెట్టకూడదు, కల్లంలో తగలబెట్టకూడదు, పశువుకు వేయకూడదు. ఈ నిఘా అంతా ఎవరు పెడతారు? చేనికి కంచె లేని ఊళ్ళో మేకకు ఏ ఆకు తినాలో ఎవరు చెబుతారు? ఆవాలు, పొద్దుతిరుగుడు, తోటకూర అన్నీ మనుషులు తినేవే. వేసవిలో మేతకు కటకటలాడే పల్లెలో పచ్చగా ఎదిగిన పైరు ఊరికే కుప్ప పడి ఉంటుందని నమ్మడం మన పల్లెలు తెలియనివాళ్ళకే చెల్లుతుంది.

హైదరాబాద్ దిగువన మూసీ ఒడ్డు చూస్తే ఇది ఊహ కాదని తెలుస్తుంది. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మూసీ మురుగునీటితో పారాగడ్డి పెంచడం దశాబ్దాల వృత్తి. కోసిన గడ్డి నగరంలోని పాడి గేదెలకు పోతుంది. ఇదే పారాగడ్డిని ఒడిశాలోని సుకింద క్రోమైట్ గనుల దగ్గర క్రోమియం పీల్చే మొక్కగా పరిశోధకులు పరీక్షించారు. అక్కడ శుద్ధి పరికరం, ఇక్కడ మేత. గడ్డి ఒకటే. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థ జలాలను సుమారు 18 కిలోమీటర్ల గొట్టం వేసి నగరపు మురుగులో కలిపి అంబర్‌పేట మీదుగా మూసీ వైపే పంపారన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

పటాన్‌చెరు ఉదాహరణ ఎందుకంటే ఈ వాదన తేలవలసింది అక్కడే. 1970లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. నక్కవాగు రంగు మారింది. వాగు నీళ్ళు పారిన పొలాల్లో పంటలు పోయాయి, పశువులు చచ్చాయి. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు తర్వాత హైకోర్టుకు, ఆ తర్వాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు తిరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్ హద్దుమీరి ఉన్నాయని 2000 దశకంలోనే అచ్చువేశారు. 2007లో స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ మందు ఉందని బయటపెట్టింది. ఇలాంటి నేలకు ఏ ఆవ మొక్క వైద్యం చేస్తుంది? ఒక లోహానికి అలవాటుపడిన మొక్క ఇంకో లోహానికి మాడిపోతుంది. ఉప్పెక్కిన నేలలో అసలు మొలవదు. పైన విషం పారుతుండగా కింద మొక్క దాన్ని తోడుతుందనడం చిల్లికుండతో నుయ్యి ఎండగట్టబోవడమే.

ఇక్కడే చౌక అన్న మాట తేల్చుకోవాలి. మొక్కలతో శుద్ధి చౌక అంటారు. ఎవరికి చౌక? పదేళ్ళో ఇరవై ఏళ్ళో ఆ పొలంలో తిండి పంట వేయకూడదు. ఆ ఏళ్ళ కౌలు ఎవరిస్తారు, బ్యాంకు అప్పు ఎవరు కడతారు, కోసిన చొప్ప రవాణా ఎవరిది, ప్రతి ఏటా మట్టి పరీక్ష ఖర్చు ఎవరిది? ఈ పద్దులన్నీ రైతు ఇంట్లో పడేసి, విత్తనాల ఖర్చు ఒక్కటే కాగితం మీద చూపించి చౌక అంటున్నారు. ఫ్యాక్టరీకి మాత్రం ఇది నిజంగానే చౌక. ఆవరణలో కొంత భాగం పచ్చదనం చూపాలన్న అనుమతి షరతు ఎలాగూ ఉంది. నాలుగు వరసల మొక్కలు నాటి, బోర్డు పెట్టి, ఫొటో తీస్తే బాధ్యత తీరినట్టే కనబడుతుంది.

పేద దేశం మట్టి తవ్వి తీయలేదన్న వాదనకు జవాబు నైజీరియాలో ఉంది. జంఫారా రాష్ట్రంలో 2010లో ఊళ్ళకు ఊళ్ళు సీసం బారిన పడ్డాయి. బంగారం కోసం ఇళ్ళ ముందే రాయి దంచి పొడి చేశారు, ఆ రాతిలో సీసం. నాలుగు వందల మందికి పైగా పిల్లలు చనిపోయారు. వైద్యానికి వచ్చిన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ ఒక మాట ఖచ్చితంగా చెప్పింది. మందిచ్చిన బిడ్డను మళ్ళీ ఆ మట్టిలోకే పంపితే లాభం లేదు, ముందు వాకిలి శుభ్రం కావాలి. ఊరివాళ్ళే గునపాలు, పారలు పట్టి, ఇళ్ళ చుట్టూ పైమట్టి తవ్వి దూరంగా పాతిపెట్టి, మంచి మట్టి తెచ్చి పోశారు. నెలల్లో ఏడు ఊళ్ళు పూర్తయ్యాయి. ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేయడం వల్ల ఎనిమిదో ఊరైన బగేగాలో పని 2013లో అయింది. మనకన్నా పేద ఊళ్ళు అవి. ఆ తల్లులకు ఎవరైనా వెళ్ళి ఫెర్న్ మొక్కలు పెంచుకోమని చెప్పగలిగేవారా?

వాకిళ్ళు వేరు, వందల ఎకరాల పొలాలు వేరు అనవచ్చు. సరే, పొలాలే చూద్దాం. జపాన్‌లో కమియోకా గని వదిలిన కాడ్మియం జింజు నది వెంట తొయామా ప్రాంతపు వరి మడుల్లోకి చేరి, జనం ఎముకలు విరిగే ఇతాయ్-ఇతాయ్ జబ్బున పడ్డారు. బాధితులు కోర్టుకెక్కి 1972లో అప్పీలులో కూడా గెలిచారు. గెలిచిన వెంటనే చేసిన పని గమనించండి. కంపెనీతో ఒప్పందం రాయించుకున్నారు. ప్రతి ఏడాదీ గ్రామస్థులు, వాళ్ళు పిలిచిన నిపుణులు గనిలోకి వెళ్ళి స్వయంగా తనిఖీ చేస్తారు, ఖర్చు కంపెనీదే. అంటే ముందు కుళాయి కట్టేశారు. తర్వాతే మట్టి పని. విషపు పైమట్టిని లోతుగా పాతి, దాని మీద కొండమట్టి పరిచి, 863 హెక్టార్ల మడులను 2012 నాటికి మళ్ళీ సాగులోకి తెచ్చారు. ముప్పై ఏళ్ళు దాటింది, 4,070 కోట్ల యెన్‌ల దాకా ఖర్చయింది, అందులో కంపెనీ వాటా కూడా ఉంది. కష్టమైన దారి, ఖరీదైన దారి. కానీ అది ఒక రోజున ముగిసింది. ఆ రోజున రైతు మడిలో దిగి నాటు వేశాడు.

వట్టివేరు మీద నాకు కోపం లేదు. గని వ్యర్థాల గుట్ట మీద, ఫ్యాక్టరీ వెనక బోడినేల మీద వట్టివేరు నాటితే దాని లోతైన వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి, గాలికి దుమ్ము లేవదు, వానకు విషం వాగులోకి కొట్టుకుపోదు. పక్క బడిలో ఆడుకునే పిల్లల ఊపిరితిత్తులకు అది పెద్ద రక్షణ. సున్నమో పశువుల ఎరువో కలిపి చేస్తే ఇంకా మేలు. కానీ అది కప్పడం. కప్పినంత మాత్రాన కింద లోహం ఒక్క గ్రాము తగ్గదు, ఆ నేలను తిండికి, ఇళ్ళకు ఇవ్వకూడదు. కప్పినదాన్ని కడిగామని రాసిన ఏ నివేదికైనా ఆ నేల మీద రేపు ఇల్లు కట్టుకోబోయే కుటుంబాన్ని మోసం చేస్తున్నట్టే.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి, కాలుష్యానికి కారకుడే ఖర్చు భరించాలి. ఇప్పుడు ఆ నియమాల కింద శుద్ధి ప్రణాళికలు తయారవుతాయి. చౌకగా, పచ్చగా, ఫొటోకు బాగా కనిపించే ప్రణాళికలు ముందుగా బల్ల మీదికి వస్తాయి. నక్కవాగు ఒడ్డు రైతులు, వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఆ రోజు మండలి అధికారులను కొన్ని సంగతులు రాతపూర్వకంగా అడగాలి. నా ఎకరంలో ఏ లోహం ఎన్ని కిలోలు ఉంది? మీ మొక్క పంటకు ఎన్ని గ్రాములు తీస్తుంది, ఆ అంకె కుండీలో వచ్చిందా, ఇలాంటి పొలంలో వచ్చిందా? కోసిన చొప్ప ఏ లారీలో ఎక్కడికి పోతుంది? పైనుంచి విషం రావడం ఏ తేదీన ఆగింది, దాన్ని చూడడానికి మమ్మల్ని ఫ్యాక్టరీ గేటు లోపలికి రానిస్తారా? నేల తేరుకునే దాకా ప్రతి కారుకూ మాకు కౌలు ఎవరు కడతారు? వీటికి అంకెలతో జవాబు రాని ప్రణాళిక మీద గ్రామసభ సంతకం పెట్టకూడదు.